తడవకుండా ఈత

ఒక పెద్ద అడవిలో పులి భయం కన్నా ర్యాంకుల భయం ఎక్కువైపోయిన రోజులవి. పులి ఎప్పుడో ఒకసారి వస్తుంది. ర్యాంకు నెలనెలా వస్తుంది కదా మరి.

ఆ అడవిలో రెండు బళ్ళుండేవి. ఒకటి కొండ మీద. పేరు చందనవనం ఇంటర్నేషనల్ స్కూలు. నడిపేది నక్క నాంచారయ్య. ఇంటర్నేషనల్ అని ఎందుకన్నారంటే, అక్కడ ఈత నేర్పే బాతు వరాలమ్మ టీచరు వయసులో ఉన్నప్పుడు ఒకసారి కొల్లేరు దాకా ఎగిరెళ్ళి వచ్చింది. ఆ మాత్రం విదేశీ అనుభవం చాలదూ?

రెండోది కొండ కింద, మడుగు ఒడ్డున ఉన్న సర్కారు బడి. సింహం గారి ప్రభుత్వం పెట్టింది. పెట్టి మర్చిపోయింది. ఓ ఏడు గాలివానకి బడి కప్పు ఎగిరిపోతే, అది ఎటు పోయిందని అడిగినవాళ్ళు లేరు. ఉన్న ఒకే ఒక్క టీచరు గేదె సీతాలు. ఎండ నెత్తి మాడ్చేస్తుంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? "పదండర్రా" అని పిల్లల్ని వెంటేసుకుని మడుగులోకి దిగేది. హాజరు నీళ్ళలోనే, ఎక్కాలు నీళ్ళలోనే, మధ్యాహ్నం ఓ కునుకూ నీళ్ళలోనే. కునుకు ఆవిడది. పిల్లలు ఆ సమయంలో ఒకళ్ళనొకళ్ళు ముంచుకుంటూ ఆడుకునేవాళ్ళు.

ఇంతకీ ఆ అడవిలో చదువంటే ముఖ్యంగా ఈతే. ఏటా వానాకాలంలో వాగు పొంగి ఇటు ఒడ్డంతా మునిగిపోతుంది. అప్పుడు అడవంతా కదిలి వాగు దాటి అవతలి మెరకకి పోవాలి. పాలు తాగే పసికూనల్ని తల్లులు నోట కరుచుకునో, వీపు మీద వేసుకునో దాటిస్తారు. బడి ఈడు వచ్చిందంటే మాత్రం ఎవరి ఈత వాళ్ళే ఈదాలి. అంత బరువు మోస్తూ ఆ ప్రవాహంలో దిగితే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. ఈత రానివాడు ఇవతల ఉండిపోతే మునిగినా మునుగుతాడు, మునక్కపోతే చిరుత ఉండనే ఉంది.

ఇక జింక చారుమతి సంగతికి వద్దాం. ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. పేరు ధన్విక్. ఆ పేరుకి అర్థమేమిటని మొగుడు పరంధామం ఒకసారి అడిగి, మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. కొడుకంటే చారుమతికి పంచప్రాణాలు. వాణ్ణి కొండ మీది బడిలో చేర్పించిన రోజు నుంచీ ఆవిడ బడివాళ్ళ ప్రాణం తోడేయడం మొదలుపెట్టింది.

ఆవిడకి ఈత రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. చిన్నప్పుడు వాళ్ళమ్మ వెనకనుంచి వాగులోకి ఒక్క తోపు తోసింది, వచ్చేసింది.

"మనమే నేర్పుకోవచ్చుగా?" అని పరంధామం గడ్డి నములుతూ అన్నాడు ఒకసారి.

"అదంతా పాత పద్ధతండీ. ఫీజు కడుతున్నాం, వాళ్ళు నేర్పుతారు," అంది చారుమతి.

"సరే, నీ ఇష్టం," అన్నాడాయన. ఆయన సంసారం అంతా ఆ మూడు మాటల మీదే నడుస్తోంది.

కొండ మీది బడి తల్లిదండ్రులకి ఇంటికో చిలక ఉండేది. ఎవరైనా తమ చిలకకి ఓ మాట చెబితే, అది ఎగిరెళ్ళి బడి ఎదురుగా ఉన్న మద్దిచెట్టు మీద వాలి అరిచేది. తక్కిన చిలకలన్నీ అందుకుని, ఎవరింటికి వాళ్ళు మోసుకెళ్ళి చెప్పేవి. దీన్ని వాళ్ళు గ్రూపు అనేవారు. తెల్లారి శుభోదయాలతో మొదలయ్యేది. పొద్దెక్కేసరికి ఫిర్యాదుల్లోకి దిగేది. నాంచారయ్య గది సరిగ్గా ఆ చెట్టు కిందే ఉంది పాపం.

ధన్విక్ బడిలో చేరిన కొత్తల్లో వరాలమ్మ టీచరు పిల్లల్ని కొండచరియ మీది చిన్న కుంటకి తీసుకెళ్ళి దింపింది. అందరూ కాసేపు కెవ్వుమన్నారు, కాసేపు కేరింతలు కొట్టారు. ధన్విక్ సాయంత్రం ఇంటికొచ్చి ఒకే ఒక్క తుమ్ము తుమ్మాడు.

అంతే! చారుమతి చిలక చెట్టెక్కింది. "మా బాబు తడిసి వచ్చాడు! ఇదేనా బడి? నీళ్ళు వద్దు!" తక్కిన చిలకలు అందుకున్నాయి. "తడిసి వచ్చాడు! నీళ్ళు వద్దు!" కాసేపటికి తుమ్మని పిల్లల తల్లులు కూడా పిల్లల ముక్కులు పట్టుకు చూడటం మొదలుపెట్టారు. చీకటి పడేలోగా ఆ తుమ్ము న్యుమోనియా అయి, న్యుమోనియా కాస్తా బడి నిర్లక్ష్యం అయి కూర్చుంది.

మర్నాడు నాంచారయ్య వరాలమ్మని పిలిపించాడు.

"టీచర్ గారూ, ఈత బాగా నేర్పుతున్నారు. చాలా సంతోషం. ఇకమీదట పిల్లలు తడవకుండా నేర్పండి."

వరాలమ్మ తనకి సరిగ్గా వినపడలేదేమో అనుకుంది. "తడవకుండా ఈత ఎలా వస్తుందండీ?"

"అది మీరు చూసుకోవాలి. మీకు కొల్లేరు అనుభవం ఉంది కదా!"

"సార్, కొల్లేట్లో కూడా నీళ్ళే ఉన్నాయండీ."

నాంచారయ్య పైకి చూపించాడు. చెట్టు మీద చిలకలు ఇంకా అరుస్తూనే ఉన్నాయి. "టీచర్ గారూ, ఆ చెట్టు మీద ఉన్న ఒక్కో చిలక వెనకా ఓ ఫీజు ఉంది. వాళ్ళు పిల్లల్ని తీసేస్తే మీకు కుంట ఉంటుంది, నాకు కొండ ఉంటుంది, పిల్లలు ఉండరు. ఆలోచించుకోండి."

వరాలమ్మకి ఇంటి దగ్గర పొదగాల్సిన గుడ్లు ఉన్నాయి. ఆలోచించుకుంది. మర్నాటి నుంచి పొడి ఈత మొదలైంది.

పొడి ఈత అంటే మరేం లేదు. పిల్లలందరూ ఇసకలో బోర్లా పడుకుని, టీచరు "ఒకటీ... రెండూ..." అంటుంటే కాళ్ళు కొట్టడం. ఇసక గుచ్చుకుంటోందని చిలకలు అరిచాయి, గడ్డి పరిచారు. గడ్డికి దురద పుడుతోందని అరిచాయి, మెత్తటి మోదుగాకులు వేశారు. నెల తిరిగేసరికి ధన్విక్‌కి రెండో ర్యాంకు వచ్చింది. ఆ రోజు చెట్టు మీద చిలకలు ఎంత గోల చేశాయంటే, నాంచారయ్య చెవుల్లో దూది పెట్టుకుని మరీ కొత్త పద్ధతి కనిపెట్టాడు. అందరికీ ఒకటో ర్యాంకు. మరీ గట్టిగా అడిగేవాళ్ళ పిల్లలకి ఒకటో ర్యాంకు స్పెషల్. ధన్విక్‌కి స్పెషల్ వచ్చిందని వేరే చెప్పాలా!

వరాలమ్మకి మనసు ఊరుకోలేదు. ఓ సాయంత్రం కొడుకుని తీసుకెళ్ళడానికి వచ్చిన చారుమతిని పక్కకి పిలిచింది.

"అమ్మా, మీరు ఏమీ అనుకోనంటే ఓ మాట. బాబు నీళ్ళ చప్పుడు వింటేనే బిగుసుకుపోతున్నాడు. వారానికి ఒక్కసారైనా కుంటలో దింపనివ్వండమ్మా. వానలు వచ్చేస్తాయి."

"టీచర్ గారూ, మా వాడికి ఒకటో ర్యాంకు స్పెషల్ మీరేగా ఇచ్చారు?"

"ఇచ్చానమ్మా."

"ఈత రానివాడికి ఇచ్చారా?"

వరాలమ్మ ముక్కు కిందికి దించుకుంది. ఇచ్చానంటే ఉద్యోగం పోతుంది. ఇవ్వలేదంటే అబద్ధం అవుతుంది. చారుమతి గెలిచినట్టు తలెగరేసి, కొడుకుని తీసుకుని కొండ దిగింది.

దారిలో కుందేలు నూకాలమ్మ ఎదురైంది. ఆవిడ కొడుకు బుడ్డిగాడు సర్కారు బడిలో చదువుతున్నాడు. వాడు ఒళ్ళంతా బురదతో, చెవులు వేలాడేసుకుని వెనకాల వస్తున్నాడు. చారుమతి ధన్విక్‌ని కాస్త పక్కకి లాక్కుంది.

"ఏం నూకాలమ్మా, మీ బడికి ఇంకా కప్పు వెయ్యలేదా?"

"ఎక్కడమ్మగారూ! ఎండొస్తే నెత్తి మాడిపోద్ది, వానొస్తే తడిసి ముద్దైపోతారు."

"మరి అడగరేం? నోరు లేదా మీకు?"

నూకాలమ్మ సిగ్గుపడింది. "ఓ పాలి యెల్లానమ్మగారూ. విద్యాశాఖ ఎలుగుబంటి దొరగారి గుహ కాడికి. పొద్దుట్నించీ గుమ్మం కాడ నిలబడ్డాను. ఎందుకొచ్చావని ఎవురూ అడగలేదు. చీకటి పడితే వొచ్చేశాను. అయినా పెద్దోళ్ళు, ఆళ్ళకి తెలీదా యేంటి కప్పు లేదని?"

చారుమతికి జాలి వేసింది. నిజంగానే వేసింది, వెక్కిరింపు కాదు. తాను తుమ్ము గురించి అరిస్తే బడంతా కదిలింది, ఈవిడ కప్పు గురించి వెళితే గుమ్మం కూడా కదల్లేదు. కానీ ఆ జాలి ఇంటికి వెళ్ళేదాకా కూడా నిలవలేదు, ఎందుకంటే మర్నాడు కొండ మీద వార్షికోత్సవం.

వార్షికోత్సవం చూడాల్సిందే. వేదిక మీద నీలిరంగు పూలు పరిచి నీళ్ళన్నారు. పిల్లలందరూ వాటి మీద బోర్లా పడుకుని ఒక్క తాళానికి కాళ్ళు ఆడించారు. ధన్విక్ ముందు వరసలో ఉన్నాడు. వాడి తీరు చూసి చారుమతికి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ వేదిక మీద తడి ఏదైనా ఉందంటే అదొక్కటే. నాంచారయ్య మైకు లేకపోయినా మైకు ముందున్నట్టు గొంతు సవరించుకుని, "మన పిల్లలు సముద్రమైనా ఈదేస్తారు!" అన్నాడు. చిలకలు చప్పట్లకి బదులు రెక్కలు కొట్టాయి.

ఆ ఏడు వాన ముందే వచ్చింది. ఒకరోజు పొద్దున్నే పైనెక్కడో పడ్డ వానకి వాగు ఎర్రగా తిరిగి, చూస్తుండగానే ఒడ్డు కోసుకుంటూ పైకి రావడం మొదలుపెట్టింది. "దాటండి, దాటండి" అని అడవంతా కేకలు. పందులు దిగాయి, నక్కలు దిగాయి, ముసలి దుప్పులు దిగాయి. నూకాలమ్మ ఓ చెక్కముక్క పట్టుకుని దిగింది. సర్కారు బడి పిల్లలు సీతాలు టీచరు వెనకాల గుంపుగా, రోజూ బడికి వెళ్ళినట్టే అరుచుకుంటూ వాగులో పడి ఈదుకుంటూ పోయారు.

కొండ మీది బడి పిల్లలు మాత్రం ఒడ్డున వరసగా నిలబడిపోయారు. తలలు చక్కగా దువ్వుకుని ఉన్నారు. ఒక్కడు కూడా కదలడం లేదు.

"దిగు నాన్నా," అంది చారుమతి.

ధన్విక్ వాగు వంక చూశాడు. "ఇందులోనా?"

"ఇందులోనే నాన్నా. నీకు ఈత వచ్చుగా, ఒకటో ర్యాంకు స్పెషల్ వచ్చిందిగా!"

"వచ్చమ్మా, చూడు," అని వాడు ఆ బురద ఒడ్డు మీదే బోర్లా పడుకుని, అచ్చం వేదిక మీద చేసినట్టే, ఒక్క తప్పు లేకుండా కాళ్ళు ఆడించాడు. వాడి ముఖంలో అమ్మ మెచ్చుకుంటుందన్న ఆశ తప్ప ఇంకేం లేదు.

ఇంతకాలం తాను అరిచి అరిచి సాధించుకున్నది ఏమిటో చారుమతికి అప్పుడు కళ్ళకి కట్టింది. పరంధామం వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

తల్లులందరూ నాంచారయ్య మీద పడబోయారు. ఆయన అప్పటికే అవతలి ఒడ్డు చేరి తోక విదిలించుకుంటున్నాడు. అక్కణ్ణించే అరిచాడు. "థియరీ మొత్తం పూర్తి చేశామండీ! నీళ్ళు వద్దని మీరేగా చెప్పారు! చిలకలే సాక్ష్యం!"

చిలకలు నిజాయితీగలవి. "నీళ్ళు వద్దు! నీళ్ళు వద్దు!" అని పాత మాట అందుకున్నాయి.

వాగు ఇంకో మెట్టు పైకి వచ్చింది. చారుమతి కొడుకుని ముందుకి నెట్టబోయింది. వాడి కాలు నీళ్ళకి తగలగానే కెవ్వుమన్నాడు. "జాగ్రత్త నాన్నా! అటు కాదు! జారుతుంది! వద్దు వద్దు, వెనక్కి రా!" అని ఆవిడే వెనక్కి లాక్కుంది. ఒడ్డు పొడుగునా ప్రతి తల్లీ అదే చేస్తోంది. తల్లి అరవడం, పిల్ల బిగుసుకుపోవడం, పిల్ల బిగుసుకుపోయిందని తల్లి మళ్ళీ అరవడం. వరాలమ్మ నీళ్ళలో అటూ ఇటూ ఈదుతూ పిలుస్తోంది గానీ ఆ గోలలో ఆవిడ మాట ఎవరికి వినపడుతుంది?

అప్పుడు సీతాలు వెనక్కి వచ్చింది. తన పిల్లల్ని అవతల దింపి, వాగుకి అడ్డంపడి మళ్ళీ వచ్చింది. ఒడ్డు దగ్గర నడుం లోతులో నిలబడి, ఆ అరుపులు కాసేపు విని, ఓ పెద్ద రంకె వేసింది. అందరి నోళ్ళూ మూతపడ్డాయి.

"తల్లులు అటు తిరగండి."

"ఏమిటీ?" అంది చారుమతి.

"వీపులు ఇటు పెట్టి నిలబడండమ్మా. నేను చెప్పేదాకా చూడొద్దు, మాట్లాడొద్దు. టైము లేదు."

"నా బిడ్డని వాగులోకి దింపుతుంటే నన్ను చూడొద్దంటావా? నీకసలు బుద్ధుందా?"

"మీరు చూస్తున్నంతసేపూ వాడు మీ ముఖమే చూస్తాడు. నీళ్ళు ఎప్పుడు చూస్తాడు? తిరగండి."

చారుమతి జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. తిరిగింది. ఆవిడ ముందు కొండ, వెనక వాగు. చెవులు రెండూ వాటంతటవే వెనక్కి తిరిగిపోయాయి. వాటిని మాత్రం సీతాలు కూడా ఆపలేకపోయింది.

నీళ్ళు చిందిన చప్పుడు వినపడింది. ఎవరో ఏడ్చారు. "అమ్మా" అన్నాడు ధన్విక్. చారుమతి పళ్ళు బిగపట్టింది. "అమ్మా" అన్నాడు మళ్ళీ. పరంధామం ఆవిడ మెడకి మెడ ఆనించి గట్టిగా అదిమిపెట్టాడు. మూడోసారి పిలుపు రాలేదు. రాకపోయేసరికి ఆవిడ ప్రాణం సగం పోయింది.

"నా తోక పట్టుకోరా," అంది సీతాలు గొంతు. అవతలి ఒడ్డు దగ్గర్నుంచి బుడ్డిగాడు ఎదురీదుతూ వస్తున్నట్టుంది, వాడి గొంతూ వినపడింది. "ఒరేయ్, కాళ్ళు కొట్టరా! నీకు వచ్చుగా కొట్టడం! నీళ్ళలో కొట్టు, అంతే!"

ఇంక చప్పుళ్ళన్నీ కలిసిపోయాయి. ఎంతసేపు అయిందో చారుమతికి తెలీదు. ఆవిడకి తెలిసిన దేవుళ్ళందరూ అయిపోయి, మళ్ళీ మొదటి నుంచి మొక్కుకుంటోంది. అప్పుడు వాగు అవతల నుంచి సన్నగా, అలవాటైన గొంతుతో ఓ తుమ్ము వినపడింది.

ఆవిడ ఒక్క గెంతులో తిరిగి వాగులోకి దూకింది.

అందరూ చేరారు. సగం దూరం తోక పట్టుకుని, తక్కిన సగం వాళ్ళంతట వాళ్ళే. చారుమతి కొడుకుని నాకి నాకి, సీతాలు కాళ్ళ మీద పడబోయింది. "నువ్వు దేవతవి తల్లీ! రేపే మా వాణ్ణి నీ బళ్ళో చేర్పిస్తాను." ఒక్క చారుమతే కాదు, కొండ మీది తల్లులందరిదీ అదే మాట. నూకాలమ్మ బుడ్డిగాణ్ణి దగ్గరికి తీసుకుని ఆ సంబరం చూసి తానూ కన్నీళ్ళు పెట్టుకుంది.

వరదలు తీశాయి. అడవంతా తిరిగి వచ్చింది. అన్నట్టుగానే తల్లిదండ్రులందరూ పిల్లల్ని తెచ్చి సర్కారు బడిలో చేర్పించారు. వాళ్ళ వెనకాల చిలకలు కూడా వచ్చి, మడుగు పక్కనున్న నేరేడుచెట్టు మీద మకాం పెట్టాయి.

మొదటి రోజు పొద్దున్న చారుమతి ధన్విక్‌ని దింపడానికి వచ్చింది. చుట్టూ చూసింది. పైకి చూసింది.

"అయ్యో, కప్పేదీ?"

చిలక చెట్టెక్కింది. మర్నాడు విద్యాశాఖ ఎలుగుబంటి ఒగురుస్తూ పరిగెత్తుకొచ్చాడు. "కప్పు లేదని మాకెవరూ చెప్పలేదు మేడమ్!" అని చేతులు నలుపుకున్నాడు. వారం తిరక్కుండానే టేకాకులతో దిట్టమైన కప్పు పడింది. నూకాలమ్మ దాని కింద నిలబడి, తలెత్తి అటూ ఇటూ చూసి ముక్కు మీద వేలేసుకుంది. ఇది ఇంత తేలికా అని ఆవిడకి ఆశ్చర్యం. కాస్త కోపం కూడా వచ్చింది గానీ, బుడ్డిగాడు మొదటిసారి నీడలో కూర్చోవడం చూసి ఆ కోపం దిగమింగుకుంది.

అక్కడితో ఆగితే ఎంత బావుండేది! మడుగులో జలగలున్నాయని చిలకలు అరిచాయి, మడుగు చుట్టూ ముళ్ళకంచె వేశారు. సీతాలు టీచరు పాఠం మధ్యలో కునుకు తీస్తోందని అరిచాయి, ఆవిడ పక్కన కునుకు పట్టకుండా చూడటానికి ఓ గుడ్లగూబని వేశారు. పిల్లలకి ఈత ఎంతవరకు వచ్చిందో వారం వారం తెలపాలని అరిచాయి. నీళ్ళు లేవు, కప్పు ఉంది, చెప్పాల్సింది ఉంది. సీతాలు ఏం చేస్తుంది పాపం? నీడలో ఇసక పోయించి, "పడుకోండర్రా," అంది. కొండ మీద నాంచారయ్య ఇదంతా గమనించి, తన బడి కప్పు తానే పీకించేసి, 'అడవిలో కప్పు లేని ఏకైక విద్యాలయం' అని చాటింపు వేయించాడు. చేరికలు బాగానే ఉన్నాయని వినికిడి.

ఓ మధ్యాహ్నం ఇద్దరు తల్లులూ బడి గుమ్మంలో కలిశారు. లోపల ధన్విక్, బుడ్డిగాడు పక్కపక్కన బోర్లా పడుకుని ఒక్క తాళానికి కాళ్ళు ఆడిస్తున్నారు. బుడ్డిగాడి ఒంటి మీద చుక్క బురద లేదు. వాడికి ఒకటో ర్యాంకు వచ్చింది.

నూకాలమ్మ చాలాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "అమ్మగారూ, కప్పు బాగుంది. పిల్లలూ శుభ్రంగా ఉన్నారు. మరి వచ్చే ఏడు వాగు పొంగితేనో?"

చారుమతి కొడుకు మీంచి చూపు తిప్పకుండానే అంది. "ఏముందమ్మా, అందరం మళ్ళీ అటు తిరుగుదాం."

నీతి: బడికి కప్పు రావాలంటే అమ్మానాన్నలు అడగాలి, పిల్లలకి ఈత రావాలంటే అమ్మానాన్నలు వాళ్ళని కాసేపు మర్చిపోవాలి.